మొదటి పువ్వు సెలవు

జనవరి 12

తూనీగకి,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. మూడు పేజీల్లో పదకొండు ఆశ్చర్యార్థకాలు పెట్టావు. పెళ్ళి ఒక్కటే కాబట్టి ఒక్కటి సరిపోయేది. అయినా చదువుతూ ఒకచోట కళ్ళద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చిందని ఒప్పుకుంటున్నాను.

మన పెరట్లో, నారింజ చెట్టు కింద, చెట్టు పూత మీద ఉన్నప్పుడు పెళ్ళి చేసుకుంటానన్నావు. "చిన్నప్పటి నుంచీ సెలవులకి వస్తే కాయలే చూశాను, పూత ఒక్కసారీ చూడలేదు" అని రాశావు. న్యాయమైన కోరిక. ఎప్పుడు పూస్తుందో చెప్పమన్నావు. దానికి జోస్యం అక్కర్లేదు, మన దగ్గర పుస్తకం ఉంది.

మీ తాతయ్యా నేనూ ఇరవై ఏళ్ళ పాటు ఏటా మొదటి పువ్వు పూసిన తేదీ రాసుకున్నాం. తేదీ పక్కన ఆ పువ్వునీ ఒక ఆకునీ అంటించి, మీద పల్చటి కాగితం కప్పడం పద్ధతి. మొదటి తొమ్మిదేళ్ళూ నేను రాశాను. నేను హెడ్మిస్ట్రెస్‌ని అయ్యాక తెల్లవారుతూనే బడికి పోవడం, దీపాలు పెట్టాక ఇల్లు చేరడం. అందుకని తర్వాతి పదకొండేళ్ళూ ఆయన రాశారు. ఆయన పోయాక నాలుగేళ్ళూ, పోయిన అక్టోబరులో ఇక్కడికి తిరిగొచ్చేదాకా, నేను మీ ఇంట్లోనే ఉన్నాను కాబట్టి ఆ లెక్క లేదు. నా తొమ్మిదేళ్ళలో చెట్టు చిన్నది, మార్చి ఆఖరికి గానీ పూసేది కాదు. పెద్దదయ్యే కొద్దీ తొందరపడింది. అందుకే ఆయన రాసిన పదకొండేళ్ళ సరాసరే తీసుకున్నాను. మార్చి ఆరు వచ్చింది. మొదటి పువ్వు విచ్చిన నాలుగు రోజులకి చెట్టు నిండుతుంది. కాబట్టి పెళ్ళి మార్చి పది. రాసుకో.

నీకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. మొదటి పువ్వు పూసిన రోజు సాయంత్రం ఈ ఇంట్లో ఎవరూ పని ముట్టుకోకూడదు. ఆ నియమం పెట్టింది నేనే. ఆ రోజు పేపర్లు దిద్దను, రిజిస్టర్లు తెరవను. మీ తాతయ్య బడికి కబురు పంపితే నేను గంట ముందే వచ్చేదాన్ని. చెట్టు కింద రెండు కుర్చీలు వేసుకుని టీ తాగుతూ కూర్చునేవాళ్ళం. ఏడాది మొత్తానికి నేను తీసుకున్న సెలవు అదొక్కటే. ఆధారం లేని సెలవు చీటీ మీద నా సర్వీసులో ఒక్క సంతకం పెట్టలేదు. నాకైనా అదే రూలు, పువ్వే ఆధారం.

పెరడు టేపు పెట్టి కొలిచాను. డెబ్భై రెండు కుర్చీలు పడతాయి. డెబ్భై మూడో మనిషి నిలబడాలి. మీ అమ్మకి చెప్పు.

ఫోన్ చేస్తానన్నావు. వద్దు. ఫోన్లో నీ మాట సగం నాకు వినపడదు, వినపడిన సగానికి రుజువుండదు. ఉత్తరం రాయి.

నీ అమ్మమ్మ


జనవరి 17

అమ్మమ్మా,

మార్చి పది! (ఒక్కటే పెట్టాను, చూశావుగా.)

నీ ఉత్తరం చేతిలో పట్టుకునే రిజిస్ట్రారు ఆఫీసుకి పరుగెత్తాం. మీ ఊరి దాకా వచ్చి పెళ్ళి రాయించడానికి ఆయనకి మార్చిలో ఖాళీగా ఉన్నది సరిగ్గా ఆ ఒక్క రోజే. నేను ఎగిరి గంతేస్తే ఆయన పెన్ను కింద పడింది. మా పెళ్ళికొడుకు వంగి తీసిచ్చాడు. ఇతను ఏది కింద పడినా పైకి తీస్తాడు, లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం కదా.

మేమిద్దరం ఎలా కలిశామో అమ్మ నీకు సరిగా చెప్పి ఉండదు. మా బైండింగ్ షాపున్న బిల్డింగులో లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల నేనూ, నలభై డైరీలూ. పైనుంచి ఒక గొంతు, "ఎంతమంది ఉన్నారండీ?" అంది. "నలభై ఒక్కరం" అన్నాను. గంటన్నర సేపు ఆ సందులోంచి కబుర్లు చెబుతూనే బాగుచేశాడు. తలుపు తెరుచుకునేసరికి నాకు దిగబుద్ధి కాలేదు.

అమ్మ జాబితా నూట పదికి చేరింది. నాన్న ఆ కాగితం చూసి, "ఇది పెళ్ళా, జనాభా లెక్కలా?" అంటున్నారు. పెళ్ళి కార్డులు మా షాపులో వాళ్ళందరూ కలిసి చేతితో కుడుతున్నారు. కార్డు మీద ఏం రాయించామో తెలుసా? "నారింజ పూతలో కలుద్దాం" అని.

వసంతం ఇక్కడికింకా రాలేదు. మా షాపులో అది ముందుగా జిగురు గిన్నెలోకి వస్తుంది. చలిలో ఒక అట్ట ఆరడానికి రోజంతా కావాలి. ఎండ మారిందంటే ఒక్క పూటలో ఆరిపోతుంది. రోజూ వేలు పెట్టి చూస్తున్నాను.

ఒక్క సంగతి. మా కాబోయే అత్తయ్య మొక్కల నర్సరీ నడుపుతారని రాశాను కదా. తేదీ చెప్పగానే, "నారింజా? పదో తారీకుకా? ఆ చెట్టుకి ఎవరైనా చెప్పారా అమ్మా?" అని నవ్వారు. మా అమ్మమ్మ పుస్తకం గురించి మీకు తెలీదండీ అని చెప్పాను.

నీ తూనీగ


జనవరి 22

తూనీగకి,

చెట్టుకి నేనే చెప్పానని మీ అత్తగారితో చెప్పు.

నర్సరీలో కుండీ మొక్కలు పెంచడం వేరు, ఒకే చెట్టుని ఇరవై ఏళ్ళు చూడడం వేరు. వాదనతో పని లేదు. పుస్తకం రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. ఆవిడ ముందు పెట్టి, మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చూపించు. అది అయ్యాక, వీపు చిరిగింది కాబట్టి, కొత్తగా బైండు చెయ్యి. నువ్వు ఆ పని నేర్చి అయిదేళ్ళయింది, అమ్మమ్మకి ఒక్క పుస్తకం చేసివ్వలేదు.

పక్కింటి టైలరమ్మ నీ పెళ్ళి బట్టలు తనే కుడతానని పట్టుబట్టింది. నీ ఉత్తరం వెనక భుజం కొలత "సుమారు పదిహేను" అని రాశావు. సుమారు అనేది కొలత కాదు. మళ్ళీ కొలిచి పంపు. అబ్బాయి కొలతలూ పంపు. ఎప్పుడు ఏ అంతస్తులో ఉంటాడో తెలియని మనిషి, కాస్త కదలకుండా నిలబెట్టి తియ్యి.

గేటుకి రంగు వేయించాను. మొన్న సాయంత్రం ఎండ వరండా రెండో మెట్టు దాకా వచ్చింది, ఈ రోజు మూడో మెట్టు అంచు తాకింది. టైలరమ్మ కుట్టు మిషను గదిలోంచి వసారాలోకి మార్చింది. వసంతం గురించి నీకు జిగురు చెబితే నాకు ఇవి చెబుతాయి.

నీ అమ్మమ్మ


ఫిబ్రవరి 4

అమ్మమ్మా,

పుస్తకం భద్రంగా చేరింది. కొలతలు వెనక పేజీలో ఉన్నాయి, రెండుసార్లు కొలిచాను.

అత్తయ్య పుస్తకం చూశారు. ఏమీ అనలేదు. బైండింగు మొదలుపెట్టాను, కొంచెం సమయం పడుతుంది.

అమ్మమ్మా, ఒకవేళ చెట్టు పూయకపోయినా ఫర్వాలేదు. నిజంగానే. ఆకులున్నా చాలు. ఆకులూ బావుంటాయి.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తాను.

తూనీగ


ఫిబ్రవరి 10

తూనీగకి,

జనవరిలో మూడు పేజీలు రాశావు. ఇప్పుడు పదకొండు వాక్యాలు. అందులో ఆశ్చర్యార్థకం ఒక్కటీ లేదు. నేను పెట్టొద్దన్నది ఎక్కువ పెట్టొద్దని.

"ఆకులూ బావుంటాయి" అంటే ఏమిటి? పూత కోసమే పెళ్ళి ఇక్కడ పెట్టుకున్న పిల్లవి. ఆ అబ్బాయితో ఏమైనా మాటా మాటా వచ్చిందా? మీ అత్తగారు ఏమీ అనలేదంటున్నావు. ఏమీ అనని మనిషి ఎక్కువ అన్నట్టే. ఆవిడకి ఈ ఇల్లు నచ్చలేదా, ఈ ఊరు నచ్చలేదా? ఏదైనా సరే, ఉన్నది ఉన్నట్టు రాయి.

చెట్టు బాగానే ఉంది. రోజూ ఉదయం చూస్తున్నాను.

ఇంకో మాట. తేదీ ఒక రెండు వారాలు ఆలస్యమైతే కొంప మునిగేదేమీ లేదు కదా. తొందరపడి చేసిన పని తీరిగ్గా దిద్దుకోవలసి వస్తుంది. ఒకసారి అందరూ ఆలోచించండి.

కుర్చీలవాడు డెబ్భై రెండూ ఒకే రంగువి ఇస్తానన్నాడు. ఒకే రంగు అని కాగితం మీద రాయించుకున్నాను.

నీ అమ్మమ్మ


ఫిబ్రవరి 15

అమ్మమ్మా,

నీ ఉత్తరం భోజనాల దగ్గర చదివాను. చదవకుండా ఉండాల్సింది.

రెండు వారాలు ఆగమంటావా? తొందరపడి చేసిన పనా? అమ్మ కంచం దగ్గరే ఏడ్చేసింది. "మా అమ్మ సంగతి నాకు తెలుసు, నచ్చకపోతే నచ్చలేదని అనదు, ఆలోచించండి అంటుంది. నా పెళ్ళప్పుడూ ఇలాగే అంది" అంటోంది. నాన్న వెంటనే, "అంటే నేనూ నచ్చలేదా?" అని అన్నం మానేశారు. ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత మా ఇంట్లో కొత్త గొడవ.

అతను ఇక్కడే ఉన్నాడు. ఉత్తరం తీసుకుని చదివాడు. "ఎప్పుడు ఏ అంతస్తులో ఉంటాడో తెలియని మనిషి" అని నువ్వు ముందు రాసింది కూడా గుర్తుచేసుకున్నాడు. మొన్నటి దాకా దానికి పడీ పడీ నవ్వేవాడు. నిన్న నవ్వలేదు. "అమ్మమ్మగారు తలుపు తీయకపోతే మనం మధ్యలో ఉండిపోయినట్టే" అన్నాడు.

కార్డులు సగం పంచేశాం అమ్మమ్మా. అతను నచ్చకపోతే ముందే చెప్పాల్సింది. నేనేమీ దాచలేదు... అని రాయబోయాను. అది అబద్ధమవుతుంది కాబట్టి రాయను. నేనూ ఒకటి దాచాను. అది మాత్రం అతని గురించి కాదు, పెళ్ళి గురించి కాదు. ముందు నువ్వు చెప్పు.

తూనీగ


ఫిబ్రవరి 19

తూనీగకి,

ముందుగా రుజువులు. ఆ అబ్బాయి పోయిన నవంబరులో నీతో వచ్చినప్పుడు అడక్కుండానే మా స్టోర్‌రూము తలుపు గొళ్ళెం సరిచేశాడు. ఏడేళ్ళుగా వేలాడుతున్నది. చేశానని చెప్పనైనా చెప్పలేదు, అతను వెళ్ళిన మూడు రోజులకి నేనే చూశాను. చెప్పుకోకుండా పని చేసే మనిషిని నేను చూడడం జన్మలో రెండోసారి. మొదటివారిని పెళ్ళి చేసుకున్నాను. అంతస్తు గురించి నేను రాసింది ముద్దుకి. నాకు ముద్దు చేయడం రాదని మీ అమ్మని అడిగితే చెబుతుంది. మీ నాన్నకి అన్నం పెట్టండి. ఆయన నాకు పెళ్ళయిన రెండో ఏడే నచ్చాడు.

ఇప్పుడు అసలు సంగతి. రాయడం కష్టంగా ఉంది, అయినా రాస్తాను. చెట్టుకి ఒక్క మొగ్గ లేదు.

ఫిబ్రవరి మొదటి వారం నుంచి చూస్తున్నాను. పెద్ద కొమ్మలు తొమ్మిది. నిచ్చెన వేసి, భూతద్దం పెట్టి, కొమ్మ కొమ్మా చూశాను. టైలరమ్మ నిచ్చెన పట్టుకుని, "ఈ వయసులో ఎందుకండీ, దిగండి" అని గోల పెట్టింది. మార్చి ఆరుకి పూయాలంటే ఈపాటికి గింజంత మొగ్గ కనిపించాలి. "చెట్టు బాగానే ఉంది" అని నీకు రాసిన రోజున నేను రాసింది నిజం కాదు. నిజమని తోస్తే తప్ప రాయనిదాన్ని, ఏం చేస్తున్నానో తెలిసే రాశాను.

ఇరవై ఏళ్ళ లెక్క తప్పదు. మరి తప్పింది ఏమిటి? చెట్టుకే ఏదో అయింది. ఆయన ఉండగా ఒక్క ఏడూ తప్పలేదు. ఆయన పోయారు, నేనూ వదిలేసి నాలుగేళ్ళు మీ దగ్గర కూర్చున్నాను. ఎవరూ చూడని చెట్టు ఎవరి కోసం పూస్తుంది? వేరు కుళ్ళిందేమోనని మట్టి తవ్వి చూశాను. నాకేమీ తెలియలేదు. నువ్వు పూతలో పెళ్ళి అడిగావు. నేను ఆయన చెట్టుని చంపి నీకు తేదీ ఇచ్చాను. తేదీ జరపమన్నది ఈ లోపల ఏదైనా చెయ్యొచ్చేమోనని. అంతే.

మీ అత్తగారు చెట్ల మనిషి కదా. ఇలాంటి చెట్టుకి మందేమైనా ఉందేమో కనుక్కో. నేనే అడుగుతున్నానని చెప్పు.

నీ అమ్మమ్మ


ఫిబ్రవరి 23

అమ్మమ్మా,

చెట్టుకి ఏమీ కాలేదు. ముందు ఈ వాక్యం రెండుసార్లు చదువు. చెట్టుకి ఏమీ కాలేదు.

ఇప్పుడు కుర్చీలో కూర్చో.

పుస్తకం వచ్చిన రోజే అత్తయ్య ముందు పెట్టాను, నువ్వు చెప్పినట్టే మొదటి పేజీ నుంచి. నీ తొమ్మిది పేజీలూ చూసి, "ఎంత శుభ్రంగా చేశారు!" అన్నారు. పదో పేజీ దగ్గర పల్చటి కాగితం ఎత్తి ఆగిపోయారు. పదకొండో పేజీ ఎత్తారు. పన్నెండు. తర్వాత నన్ను పిలిచి చూపించారు. నారింజ ఆకు కాడకి చిన్న రెక్క ఉంటుందట, పెద్దాకు కింద బుల్లి ఆకు అతికించినట్టు. నీ తొమ్మిది ఆకులకీ అది ఉంది. తాతయ్య అంటించిన పదకొండు ఆకుల్లో ఒక్కదానికీ లేదు. కాడ నున్నగా ఉంది. అవి నిమ్మాకులు, అమ్మమ్మా. పక్కనున్నవి నిమ్మ పువ్వులు. నిమ్మ ఏడాదిలో ఎప్పుడైనా పూస్తుంది, ఒక పువ్వు కావాలంటే ఎప్పుడూ దొరుకుతుంది. నారింజకి మీ వైపు మార్చి నాలుగో వారం కావాలి. నువ్వు రాసిన తేదీలే సరైనవి.

తాతయ్య ఎందుకలా రాశారో నాకు తెలీదు. నీకు ఎలా చెప్పాలో కూడా తెలీలేదు. "పెద్దావిడకి చెప్పకు, ఇద్దరి పుస్తకం అది" అన్నారు అత్తయ్య. అందుకే ఆకులు చాలని రాశాను. నువ్వేమో దాన్ని చదివి మాకు గొడవైందనుకున్నావు, నీ ఉత్తరం చదివి మేం నీకు అతను నచ్చలేదనుకున్నాం. అబద్ధం ఆడడం మన ఇంట్లో ఎవరికీ చేతకాదు. తాతయ్యకి తప్ప.

గొళ్ళెం సంగతి అతనికి చదివి వినిపించాను. చెవులు ఎర్రబడ్డాయి. నాన్న అన్నం తిన్నారు, "రెండో ఏడా!" అంటూ.

కోప్పడకు. కోప్పడితే నా మీద కోప్పడు, తాతయ్య మీద వద్దు.

నీ తూనీగ


ఫిబ్రవరి 27

తూనీగకి,

నీ ఉత్తరం చదివి వెంటనే పెరట్లోకి వెళ్ళి ఒక ఆకు కోశాను. కాడకి రెక్క ఉంది. పాతికేళ్ళు ఈ చెట్టు కింద తిరిగి, భూగోళం పాఠాల్లో నదుల పొడవులు ఒప్పజెప్పించినదాన్ని, ఆ రెక్కని ఈ రోజు చూశాను. ఆయన పేజీల మీద కప్పిన కాగితం నేను ఎప్పుడూ ఎత్తలేదు. తేదీ చూశాను గానీ పువ్వు చూడలేదు.

తర్వాత గోడ దగ్గరికి వెళ్ళాను. మన గోడకి అవతల నిమ్మ చెట్టు ఎవరిదో నీకు తెలుసు. టైలరమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని నీ బట్టల అంచు మడుస్తోంది.

"మా ఆయన మీ ఇంట్లో పువ్వు కోసేవారా?" అని అడిగాను.

సూదులన్నీ చేతిలోకి తీసుకుంది. "తెలిసిపోయిందా టీచరమ్మా?" అంది.

"నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట."

"అందరికీ ఎక్కడండీ, మా అమ్మకీ నాకూ. ఏటా మార్చి రాగానే తాతగారు ఈ గోడ దగ్గరికొచ్చేవారు. ‘ఒక్క పువ్వివ్వమ్మా, మా ఆవిడకి సెలవు చీటీ రాయాలి’ అనేవారు. మీ చెట్టు పూసేసరికి మీకు పరీక్షలొచ్చేవట కదా? ‘అప్పుడు పూస్తే ఆవిడ చూడదమ్మా. నియమం పెట్టింది తనే అయినా, పరీక్షలప్పుడు ఒక చేత్తో టీ, ఒక చేత్తో ఎర్ర పెన్ను పట్టుకుంటుంది. పరీక్షలకి ముందే పూయించాలి’ అనేవారు. మా అమ్మ, ‘ఎన్నాళ్ళండీ ఈ దొంగతనం?’ అంటే, ‘ఆవిడ రిటైరయ్యేదాకా’ అనేవారు."

నేను రిటైరైన ఏడే ఆయన పోయారు.

నాకు కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఇరవై ఏళ్ళ పుస్తకంలో పదకొండేళ్ళు తప్పుడు లెక్క! రాత్రి భోజనం దాకా అలాగే ఉంది. తర్వాత ఆ సాయంత్రాలు గుర్తు చేసుకున్నాను. బడికి కబురు వచ్చేది, "పువ్వు పూసింది, రా" అని. వచ్చి కుర్చీలో కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకునేదాన్ని. తలెత్తి కొమ్మల్లో ఇంకో మొగ్గ ఉందా అని ఒక్కసారీ చూడలేదు. నెలాఖరుకి ఇల్లంతా నారింజ వాసన వస్తే, పూత ఇంకా మిగిలి ఉందనుకున్నాను. ఆయన మాత్రం ఏటా నేను ఏ రోజు బాగా అలసిపోయానో చూసి ఆ రోజు పువ్వు కోశారు. అది కూడా ఒక లెక్కే. నా లెక్క కంటే కష్టమైనది.

కాబట్టి నిర్ణయం. పెళ్ళి మార్చి పదినే. మార్చడానికి వీల్లేదు. ఆయన పూయించిన తేదీకి పూత లేదని చెప్పడానికి నేనెవరిని? నారింజ చెట్టు కిందే కుర్చీలు. నిమ్మ పువ్వులు టైలరమ్మ ఇస్తానంది, కుర్చీకొకటి, డెబ్భై రెండు. చెట్టు మీద లెక్కపెట్టాను, అంతకు మించే ఉన్నాయి. మీ స్నేహితులు తొమ్మిదో తారీకు ఉదయమే వచ్చి దీపాల తీగలు కట్టాలి. మీ అమ్మ జాబితాలో ముప్పై ఎనిమిది మందిని కొట్టేయాలి, లేదా నిలబెట్టాలి.

మీ అత్తగారు చెప్పింది సరి, నేను రాసింది తప్పు. ఈ వాక్యం ఆవిడకి చదివి వినిపించు. రెండోసారి రాయను.

ఎండ ఈ రోజు నాలుగో మెట్టు ఎక్కింది. గోడ మీద తేనెటీగలు వచ్చాయి. త్వరగా రండి!

నీ అమ్మమ్మ

(ఆశ్చర్యార్థకాలు రెండయ్యాయి. చూశాను. ఉండనీ.)


మార్చి 14

అమ్మమ్మా!!!

పెళ్ళయిన వాళ్ళకి మూడు పెట్టుకునే హక్కుంటుంది.

నాలుగు రోజులైనా చెవుల్లో ఇంకా ఆ సందడే. నూట నాలుగు మంది వచ్చారు, ముప్పై రెండు మంది నిలబడ్డారు, ఒక్కరూ మొహం మాడ్చుకోలేదు. రిజిస్ట్రారు గారు నిమ్మ పువ్వు వాసన చూసి సరిగ్గా నా సంతకం దగ్గర తుమ్మారు. నా పేరు చివర ఆ మరక చూసినప్పుడల్లా నవ్వొస్తోంది. నాన్న డాన్సు చేస్తారని మాకెవరికీ తెలీదు. ఇకముందూ తెలియకుండా ఉంటే మంచిదని అమ్మ అంటోంది.

నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది నువ్వూ అత్తయ్యా ఎదురుపడ్డ క్షణం. మేమందరం ఊపిరి బిగపట్టాం. ఆవిడ చెట్టుకేసి చూసి, "ఏమండీ, పదో తారీకని చెట్టుకి చెప్పానన్నారట?" అన్నారు. నువ్వు, "చెప్పాను. దానికి మా ఆయన పోలిక. చెప్పినదానికల్లా తలూపుతుంది, తన పని తను చేసుకుపోతుంది" అన్నావు. ఆవిడ అలా కడుపు పట్టుకుని నవ్వడం వాళ్ళబ్బాయి కూడా చూడలేదట.

నేను చేసిన బైండింగు నువ్వు తిరగేసి, కుట్టు లాగి, వీపు తట్టి, "గట్టిగా ఉంది" అన్నావు. ఆ మాట ఫ్రేము కట్టించుకుంటాను. వెనక ఇంకో ఇరవై ఏళ్ళకి సరిపడా ఖాళీ కాగితాలు వేశాను, గమనించావా?

ఒక్కటే వెలితి. చెప్పకూడదనుకుంటూనే చెబుతున్నాను. పూత ఈసారీ చూడలేదు. పెళ్ళికి సెలవులన్నీ అయిపోయాయి, అతనికీ నాకూ. ఫర్వాలేదు, వచ్చే ఏడు చూద్దాం. ఆకులు నిజంగానే బావున్నాయి.

నిన్న జిగురు పొద్దున రాస్తే మధ్యాహ్నానికి ఆరిపోయింది. వచ్చేసింది అమ్మమ్మా, ఇక్కడికీ!

నీ తూనీగ


మార్చి 24

తూనీగకి,

ఈ రోజు ఉదయం ఆరుంబావుకి, తూర్పు వైపు మూడో కొమ్మ మీద, మొదటి పువ్వు విచ్చింది. నా తొమ్మిదేళ్ళ సరాసరి తీసి చూశాను. మార్చి ఇరవై నాలుగు. నా లెక్క తప్పలేదు.

పక్కన వందల మొగ్గలున్నాయి, తెల్లగా, బియ్యపు గింజల నుంచి చిక్కుడు గింజల దాకా అన్ని సైజుల్లో. ఈ వారాంతానికి చెట్టు నిండుతుంది. తర్వాత పది రోజులు నిలుస్తుంది.

పుస్తకంలో ఈ ఏడు రెండు తేదీలు వేశాను. మార్చి పది, పక్కన నిమ్మ పువ్వు, నున్నటి కాడ ఆకు. మార్చి ఇరవై నాలుగు, పక్కన నారింజ. ఆయన రాసిన పదకొండు తేదీల్లో ఒక్కటీ దిద్దలేదు. తప్పుకి గుర్తు పెట్టకుండా వదిలిన మొదటి కాగితాలు ఇవి.

సాయంత్రం నియమం ప్రకారం పని ముట్టుకోలేదు. రెండు కుర్చీలు వేశాను. టైలరమ్మ వచ్చి ఒకదాంట్లో కూర్చుని, "ఇదేనా టీచరమ్మా, మీ సెలవు?" అంది. ఇదేనన్నాను. ఈసారి కళ్ళు తెరిచే కూర్చున్నాను. టీ చల్లారిపోయేదాకా పైకే చూశాను.

మీ అత్తగారికి కూడా ఒక ఉత్తరం వేశాను, వచ్చి చూడమని. బస్సులో ఆవిడ పక్కన సీటు ఉంచుకోండి. పెళ్ళికి సెలవులన్నీ అయిపోయాయని రాశావు. ఆ సంగతి నేను చూసుకుంటాను. ఈ కవరులో రెండు చీటీలున్నాయి, ఒకటి మీ షాపు యజమానికి, ఒకటి లిఫ్టు కంపెనీకి. ఆధారాలు కింద పడకుండా జాగ్రత్తగా తెరువు. నీ దాని నకలు ఇక్కడ రాస్తున్నాను.

బైండింగ్ షాపు యజమాని గారికి,

తమ వద్ద పనిచేస్తున్న నా మనవరాలికి ఈ శనివారం ఒక్క రోజు సెలవు ఇప్పించగలరని మనవి. ఇటువంటి చీటీ నేను రాయడం ఇదే మొదటిసారి.

కారణం: నారింజ పూసింది.

ఆధారం: పువ్వు ఒకటి, ఆకు ఒకటి, కాడకి రెక్క కలదు. జతపరిచాను.

ఇట్లు,
అమ్మమ్మ